చలవచేతి వంతు

తత్వాలు పాడే ముసలామె తిరుపాలమ్మని ఏదన్నా అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పదు. ముందు అడిగినోళ్ళ మొహం చూస్తది, తర్వాత చేతులు చూస్తది. ఒక్కోసారి మర్నాడు వాళ్ళు పనిచేసే చోటికే పోయి కూర్చుంటది. ఆమె దగ్గర తత్వాలు నేర్చుకునేదంతా కూలోళ్ళే గనక, పోవటానికి పెద్ద దూరమేం ఉండదు.

వజ్రమ్మ కూడా అట్టాగే అడిగింది. ఆమెది గుంటూరు అవతల మిర్చి షెడ్డులో తొడిమలు తీసే పని. పొద్దస్తమానం ఎండుమిరపకాయల గుట్ట ముందు కూర్చుని ఒక్కో కాయకీ తొడిమ విరవాలి. ఆ ఘాటుకి ముక్కు కారతది, దగ్గు తెరలు తెరలుగా వస్తది. ఇంటికొచ్చినా చేతులు మండతానే ఉంటయ్యి. మజ్జిగలో ముంచినా, నూనె రాసినా ఆ మంట చావదు.

"అమ్మా, పనికి దణ్ణం పెట్టుకుని నవ్వుతా మొదలుపెట్టమని మా మేస్త్రి రోజూ చెప్తన్నాడు. మీరూ అంతే, దణ్ణం పెట్టని బతుకు బతుకు కాదంటారు. ఈ చేతులు చూడండి. ఏం చూసి పెట్టమంటారు?" అంది వజ్రమ్మ.

తిరుపాలమ్మ ఆ చేతులు తిప్పి చూసింది. "రేపు నేనూ వస్తా, పద," అంది, అంతే.

ఆ షెడ్డులో ఆడోళ్ళకి ఒక కట్టుబాటుంది. అందరి చేతులకీ కారమే. చంటిపిల్లని ఎవరెత్తుకోవాలి? కంట్లో నలుసు పడితే ఎవరు తియ్యాలి? అందుకని రోజుకొకరు మిరపకాయ ముట్టకుండా ఉంటారు. దాన్ని చలవచెయ్యి అంటారు. ఆ రోజు ఆమె కాయలు మిగతావాళ్ళు తలా కాసిని తీస్తారు. ఆమె నీళ్ళు తాగిస్తది, కళ్ళు తుడుస్తది. పాలిచ్చే తల్లి చేతులు దూరంగా పెట్టుకుని నిలబడితే, ఈమే రొమ్ము తడిగుడ్డతో తుడిచి పిల్లని అందిస్తది. వజ్రమ్మకీ ఒక చంటిపిల్ల ఉంది. ఆ పిల్ల ఇన్నాళ్ళూ తాగింది అట్టాగే.

తిరుపాలమ్మ వచ్చిన రోజు వంతు వజ్రమ్మది. ముసలామె అందరితో పాటు గుట్ట ముందు కూర్చుని తొడిమలు తీస్తంది. వజ్రమ్మ పిల్లల్ని జోకొడతా అటూ ఇటూ తిరగతంది. కాళ్ళకాడ తొడిమతో ఒక కాయ కనపడింది. వంగింది, తీసింది, విరిచింది, గుట్టలో పడేసింది. కావాలని చేసింది కాదు. ఏళ్ళ తరబడి అదే పని చేసిన చేతులు, చేసేసినయ్యి. చేసినట్టు ఆమెకే తెలియలేదు.

అంతలో గుట్ట ముందు తొడిమలు తీస్తన్న సాంబ్రాజ్యం కేకేసింది. "వజ్రం, కంట్లో దుమ్ము పడ్డదే, తియ్యి!"

వజ్రమ్మ ఆమె రెప్ప పైకెత్తి వేలితో తీసింది.

సాంబ్రాజ్యం అరిచిన అరుపుకి పిల్లలంతా ఒక్కసారి ఏడుపందుకున్నారు. మంటకి ఓర్చుకోలేక తన కారం చేతులతోనే ఆ కన్ను నులుముకుంది. ఆసుపత్రిలో కనుగుడ్డు మీద పుండు పడిందన్నారు, కట్టు కట్టారు. తర్వాత ఎన్నాళ్ళకో కట్టు విప్పినా ఆ కంటికి మనిషి నీడే గాని మొహం కనపడలేదు.

కంట్లో కారం పడిన మర్నాడు పొద్దున్నే నాగేంద్రం అనే ఆమె అందరి తరఫునా చెప్పేసింది. "దాన్ని వంతులోంచి తీసేస్తన్నాం. దాని చెయ్యి మాకొద్దు, మా చెయ్యి దానికి లేదు."

తిరుపాలమ్మ ఆ రోజూ వచ్చి గుట్ట ముందు కూర్చుంది. వజ్రమ్మ ఆమె దగ్గరికి పరిగెత్తింది. "అమ్మా, పని మానితే నా పొయ్యి రాజదు. చేస్తే నా పిల్ల ఎండిపోతది. ఇంటికాడ ఎవరూ లేరు. మీ మాట కాదనరు, ఒక్క మాట చెప్పండి."

"నా మాటకి చాపిన చెయ్యి ఎంతసేపుంటదే?" అంది తిరుపాలమ్మ. అని ఇంకో కాయ తీసుకుంది.

మజ్జేన్నం అయ్యింది. గోతాం మీద పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పాలు పొంగి వజ్రమ్మ రవిక తడిసిపోతంది. వజ్రమ్మ ఎర్రటి చేతులు రెండూ గాల్లో పెట్టుకుని పిల్ల చుట్టూ తిరగతంది. వంగుద్ది, మళ్ళీ లేస్తది. ఎవరూ తలెత్తలేదు.

సాంబ్రాజ్యం ఆ రోజూ వచ్చింది. కాయ ముట్టొద్దని డాక్టరు చెప్పాడు గనక, కన్ను మానిందాకా చలవచెయ్యి ఆమెకే ఇచ్చారు. కట్టుతో ఒక మూల కూర్చుని ఉంది. గోడ పట్టుకుని లేచింది, తడుముకుంటా వచ్చింది.

"అత్తా, దాని పిల్లనా?" అంది నాగేంద్రం.

"పాలు తాగేది అది కాదుగా, పిల్ల. నువ్వు నోరు మూసుకుని కాయలు తియ్యి," అంది సాంబ్రాజ్యం. వజ్రమ్మ వైపు తిరిగి, "నిలబడవే దరిద్రపుదానా, ఒంటికన్నుతో హుక్కులు ఎక్కడున్నయ్యో కనపడి చావటంలా," అని రవిక విప్పింది. తడిగుడ్డతో తుడిచింది, గుడ్డ మార్చి మళ్ళీ తుడిచింది. పిల్లని ఎత్తి రొమ్ముకి పట్టింది. షెడ్డంతా పిల్ల గుటకలే.

వజ్రమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారతన్నయ్యి, తుడుచుకోను చేతుల్లేవు. పిల్ల తాగటం అయినాక ఒక్కసారిగా సాంబ్రాజ్యం కాళ్ళ మీద పడబోయింది.

సాంబ్రాజ్యం వెనక్కి గెంతింది. "ఆ చేతులతో నా కాళ్ళు ముట్టావంటే చంపుతా. కన్ను పోయింది చాలదా, పగుళ్ళున్నయ్యే తల్లీ!"

నాగేంద్రానికి నవ్వు ఆగలేదు. కోపం కూడా పోలేదు. వజ్రమ్మ ముట్టుకోనూ లేక, చేతులు దించుకోనూ లేక అట్టాగే నిలబడింది.

తిరుపాలమ్మ తలెత్తకుండా ఒక తొడిమ విరిచింది.

"దణ్ణం పనికి పెట్టమని నేనెప్పుడన్నానే, వజ్రం?" అంది.