జిలేబికి పెట్టిన సెలైన్

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి చివర, పశువుల డాక్టర్లని తయారుచేసే కాలేజీ ఒకటుండేది. దాని ఆసుపత్రికి ఆవులూ గేదెలూ ఒక గుమ్మంలోంచి వెళ్ళేవి. కుక్కలూ పిల్లులూ చిలకలూ ఇంకో గుమ్మంలోంచి వెళ్ళేవి. మన కథ ఆ చిన్న గుమ్మం లోపలిది. దుప్పటి కప్పుకో, చెబుతా.

అక్కడ నీరజ అనే అమ్మాయి ఆఖరి ఏడాది చదువుతుండేది. అలా చూస్తావేం? లోకంలో నీరజలు ఎంతమంది లేరు.

పాఠాలు చెప్పే పెద్ద మేడమ్ ఒక నియమం పెట్టింది. జబ్బు ఎవరు కనిపెడితే వాళ్ళే ఆ సంగతి ఇంటివాళ్ళకి చెప్పాలి. అదీ నిలబడి కాదు, వాళ్ళ పక్కన కూర్చుని చెప్పాలి.

ఒకరోజు కాసింతాత అనే ముసలాయన తన కుక్కని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. దాని తోక గుండ్రంగా చుట్టుకుపోయి ఉండేదని జిలేబి అని పేరు పెట్టుకున్నాడు. ఇంట్లో ఆయనా అదీ తప్ప ఇంకెవరూ లేరు. అది తిండి మానేసింది. నీళ్ళు తాగడం, కక్కుకోవడం, అంతే.

నీరజ చిగుళ్ళు చూసింది, పొట్ట నొక్కి చూసింది, రక్తం తీసి పరీక్షకి పంపింది. అప్పుడు తెలిసింది, కిడ్నీలు రెండూ పూర్తిగా పాడైపోయాయని. ఇంక బాగయ్యేది కాదు. మేడమ్ కూడా చూసి అవునంది. "వెళ్ళి చెప్పు" అంది.

నీరజ బయటికి వెళ్ళింది. తాత లేచి నిలబడి, "ఇంటికొచ్చేస్తదా తల్లీ?" అన్నాడు. ఆ మొహం చూసి నీరజ అసలు సంగతి దాచేసింది. "సెలైన్ పెడతాం, రేపు చూద్దాం" అంది.

మర్నాడు తాత మళ్ళీ అడిగాడు. సెలైన్ ఎక్కాక జిలేబి కాస్త తోక ఊపింది మరి, ఆయన ఆశ పెట్టుకున్నాడు. నీరజ "ఇంకో సీసా ఎక్కిద్దాం" అంది.

మూడోరోజు సూది గుచ్చబోతుంటే జిలేబి కాలు వెనక్కి లాక్కుంది. మేడమ్ వచ్చి నీరజ చెయ్యి పట్టుకుంది. "ఈ సూది దేనికమ్మా? దాని జబ్బుకా, నీ భయానికా?" అంది. నెమ్మదిగానే అంది.

అప్పుడు నీరజ సూది పక్కన పెట్టేసింది. జిలేబిని ఎత్తుకెళ్ళి తాత ఒళ్ళో పెట్టి, ఆయన పక్కన నేలమీద కూర్చుంది. "తాతా, ఇది బతకదు. నాకు మొన్ననే తెలుసు. చెప్పలేకపోయాను" అంది.

తాత జిలేబి చెవులు నిమిరాడు. ఆ తర్వాత, "మొన్ననే చెప్పుంటే మా అరుగు మీద ఎండలో పడుకోబెట్టుకునేవోణ్ణి కదమ్మా. దానికి ఎండంటే పాణం" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నొప్పి తగ్గే మందిచ్చి ఇంటికి పంపారు. మర్నాడు పొద్దున్న, అరుగు మీదికి ఎండ వచ్చాక, తాత ఒళ్ళోనే జిలేబి చచ్చిపోయింది. నిద్రపోయిందనో, ఎక్కడికో వెళ్ళిందనో నీకు చెప్పనురా కన్నా. చచ్చిపోయింది. నాకూ బాధగానే ఉంది.

ఆ నీరజ తర్వాత డాక్టరయింది. పెళ్ళి చేసుకుంది, నిన్ను కంది. అవును, మీ అమ్మే. ఇవాళ అన్నం తినిపించడానికి రాలేదని అలిగావే, ఎవరిదో పిల్లి ఇంక బతకదట. అమ్మ ఆ పిల్లి ఇంటివాళ్ళ పక్కన కూర్చుంది. "వాళ్ళు లేచేదాకా నేను లేవనమ్మా" అని నాకు ఫోన్ చేసింది. ఇప్పుడే బయల్దేరిందట.

కథ కంచి దారి పట్టింది,
అమ్మ ఇంటి దారి పట్టింది,
మా కన్నకి కునుకు పట్టింది.