శనివారపు కన్నీళ్లు

తీతు ఉపదేశికి ప్రతి శనివారం ఒకటే బాధ.

కందుకూరు వైపు ఒక చిన్న క్రైస్తవ సంఘానికి అతను ఉపదేశి. ఆదివారం చెప్పాల్సిన వాక్యం నేర్చుకోడానికి, శనివారం మధ్యాహ్నం సైకిలెక్కి పక్క ఊళ్లో ఉన్న పెద్ద పాస్టరు పరంజ్యోతి అయ్యగారి దగ్గరికి వెళ్లేవాడు. వెళ్లగానే బైబిలు బల్ల మీద పెట్టి, మోకాళ్ల మీద పడి భోరుమనేవాడు.

"మళ్లీ పాపంలో పడిపోయానయ్యగారూ. ఈ కోపం నన్ను వదలట్లేదు."

పెద్దాయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. తీతుకి గుండె తేలికయ్యేది. పాట పాడుకుంటూ ఇంటికెళ్లేవాడు. బుధవారం వచ్చేసరికి ఇంట్లో ఏదో ఒకటి ఎగిరి గోడకి తగిలేది. ఇలా మూడేళ్లు గడిచాయి.

ఆ శనివారం మాత్రం అయ్యగారు తల మీద చెయ్యి పెట్టలేదు. అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, "వచ్చేముందు ఎలా ఉంటుంది?" అని అడిగారు.

"ఏదయ్యగారూ?"

"నీ కోపం. ఎప్పుడు బయల్దేరుతుంది? ఇంట్లోకి ఎలా వస్తుంది?"

తీతు కళ్లు తుడుచుకుని బిత్తరపోయి చూశాడు. పాపం గురించి ఇలా ఆరా తీసేవాళ్లని అతను చూడలేదు. "అవన్నీ ఎందుకయ్యగారూ? అది పోతే చాలు నాకు."

"మూడేళ్లుగా నా దగ్గరికి తెస్తున్నావు. ఒక్కసారైనా దాని మొహం చూడాలనుంది."

"నాకే తెలీదు. అంతా అయిపోయాక గానీ తెలివి రాదు."

"తెలిసినవాళ్లు ఉంటారుగా," అని అయ్యగారు చేతులు దులుపుకుని లేచారు. డెబ్బయ్యేళ్ల మనిషి వెళ్లి సైకిలు వెనక సీటు మీద కూర్చున్నారు. "పద."

దారి పొడుగునా తీతు ఆలోచిస్తూనే తొక్కాడు. ఇంట్లో ఉపవాస ప్రార్థన పెడతారా? గుమ్మాలకి ప్రార్థన చేసిన నూనె రాస్తారా? అడగాలంటే ధైర్యం చాల్లేదు.

ఇంటికొచ్చేసరికి తీతు భార్య ఎస్తేరు బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అయ్యగారిని చూసి కంగారుగా లేచి, "వందనాలయ్యగారూ," అంటూ చాప పరిచింది. ఆయన కూర్చుని నీళ్లు తాగారు.

"అమ్మా, నీ భర్త కోపం గురించి తెలుసుకుందామని వచ్చాను. ఇతనికి గుర్తుండదట. నీకేమన్నా తెలుసా?"

ఎస్తేరు భర్త వైపు చూసింది. వెంటనే తల దించుకుంది.

ఆ చూపు అయ్యగారు గమనించారు. "తీతూ, నువ్వు గోడవైపు తిరిగి కూర్చో," అన్నారు.

తీతు తిరిగి కూర్చున్నాడు.

వెనకనుంచి ఎస్తేరు గొంతు మెల్లగా వినబడింది.

"సైకిలు స్టాండు చప్పుడయ్యగారూ. నెమ్మదిగా వేస్తే ఏం లేదు. కాలితో తన్ని వేస్తే నాకు లోపలికే తెలిసిపోతుంది."

"అప్పుడేం చేస్తావు?"

"గాజు గ్లాసు దాచేసి స్టీలు గ్లాసులో నీళ్లు పెడతాను. పాపని పక్కింటి శాంతమ్మ దగ్గరికి పంపించేస్తాను. ఇప్పుడు పంపక్కర్లేదు లెండి. ఆ చప్పుడు వింటే అదే వెళ్లిపోతోంది."

తీతు వేళ్లు మోకాళ్లని గట్టిగా పట్టుకున్నాయి.

"దేనికొస్తుందమ్మా అంత కోపం?"

"సంఘంలో ఎవరైనా ఈయన ప్రసంగం బాగాలేదంటే, ఆ రోజు నా కూరలో ఉప్పెక్కువవుతుంది. శనివారం మాత్రం భయం లేదు. మీ దగ్గర ఏడ్చి వస్తారుగా."

అయ్యగారు అడిగారు. "మరి ఇన్నేళ్లలో క్షమించమని ఎన్నిసార్లు అడిగాడు?"

"మీకే తెలియాలి. వారం వారం దేవుణ్ణి అడుగుతూనే ఉన్నారుగా."

"దేవుణ్ణి కాదమ్మా."

ఎస్తేరుకి అర్థం కాలేదు. అర్థమయ్యాక, జరగరాని మాట విన్నట్టు ఆశ్చర్యంగా అంది.

"నన్నా అయ్యగారూ?"

అయ్యగారు లేచారు. తీతు వెనక్కి తిరగకుండానే, "ప్రార్థన చెయ్యండయ్యగారూ," అన్నాడు.

"నువ్వు మాట్లాడాల్సిన మనిషి ఇక్కడుంటే నన్నెందుకు మాట్లాడమంటావు?" అని ఆయన వాకిట్లోకి వెళ్లి నిలబడ్డారు.

తీతు భార్య వైపు తిరిగాడు. దేవుడి ముందు గంటసేపు ఆగకుండా మాట్లాడేవాడు. ఇప్పుడు ఒక్క మాట పెగల్లేదు. చివరికి, "మొన్న బుధవారం పళ్లెం విసిరాను. నీకు తగిలింది. తప్పు నాది. క్షమించు," అన్నాడు.

ఎస్తేరు చేటలో బియ్యం కదిపింది. "చూద్దాం," అంది.

మరుసటి శనివారం తీతు అయ్యగారి దగ్గరికి వచ్చాడు. మోకాళ్లూనాడు. ఎంతసేపటికీ కన్నీళ్లు రాలేదు.

"నా గుండె రాయైపోయినట్టుంది అయ్యగారూ," అన్నాడు దిగులుగా.

"ఈ వారం కోపం రాలేదా?"

"రెండుసార్లు వచ్చింది. సోమవారం వాకిట్లోనే ఆగి, 'ఎస్తేరూ, కోపంతో వచ్చాను, కాసేపు బయటే ఉంటాను' అని చెప్పాను. గురువారం చెప్పడం మర్చిపోయి అరిచాను. 'బయట కూర్చోండి' అని తనే అంది. ఇన్నేళ్లలో నాకెదురు మాట్లాడటం అదే మొదటిసారి."

"కూర్చున్నావా?"

"కూర్చున్నాను. తర్వాత లోపలికెళ్లి క్షమాపణ అడిగాను. కానీ ఏడుపే రావట్లేదు. మూడేళ్లుగా పశ్చాత్తాపపడుతున్నవాణ్ణి, ఇవాళ ఒక్క చుక్క కూడా..."

అయ్యగారు అతని భుజం పట్టుకుని లేపారు.

"మూడేళ్లు కాదు తీతూ," అన్నారు, "ఏడు రోజులు."