సిలార్ సాహెబు శ్రుతి పట్టిన సాయంత్రం

సన్నాయి విద్వాంసుడు సిలార్ సాహెబుకు ఒక అలవాటుండేది. శిష్యుడు ఏదడిగినా వెంటనే జవాబివ్వడు, తమలపాకు ఈనె తీస్తూ కూర్చుంటాడు. ఆ రోజు మేళంలో తాళాలు వేసే శిష్యుడు నాగూరు అడిగింది మామూలు సంగతి కాదు మరి.

"గురువుగారూ, బాజీ అన్న మళ్ళీ తాగొచ్చాడు. ఇంకొక్కసారి మేళం చెడగొడితే వేరేవాళ్ళని పెట్టుకుంటామని గుడివాళ్ళు చెప్పేశారు. చెబితే వినడు, తిడితే నవ్వుతాడు. ఇట్టాంటి మనిషిని ఏం చెయ్యాలి?"

సాహెబు ఆకు మడిచి బుగ్గన పెట్టుకుని, "సాయంత్రం శ్రుతి నేను పడతా" అన్నాడు.

నాగూరు బిత్తరపోయాడు. శ్రుతి అంటే, పెద్ద శిష్యుడు బాజీలా అసలు సన్నాయి ఊదేవాడి వెనకాల కూర్చుని ఒకే స్వరం తెగకుండా ఊదే పని. నిన్నగాక మొన్న చేరినవాళ్ళకిచ్చేది. ఊరూరా శాలువాలు కప్పించుకున్న పెద్దాయన చేసేదా అది?

ఆ సాయంత్రం రామాలయంలో ఊయల సేవ. స్వామిని ఉయ్యాల్లో ఊపేటప్పుడు జోలపాటల రాగం, నీలాంబరి, ఊదడం ఆనవాయితీ. బాజీ ఏడాదిగా దాని బదులు ఇంకేదో రాగం తీయగా ఊది నెట్టుకొస్తున్నాడు. జనం తలలూపేవాళ్ళు, నాగూరూ ఊపేవాడు. సాహెబు బాజీ వెనకాల చేరి, "ఇవాళ నీలాంబరే ఊదు నాయనా. ఆగిపోతే ఆగిపో. వెనక నేనున్నా" అన్నాడు.

బాజీ మొదలెట్టాడు. ఉయ్యాల నాలుగు ఊపులు ఊగేసరికి రాగం తెగిపోయింది. సన్నాయి ఒళ్ళోకి దించేశాడు, కళ్ళల్లో నీళ్ళు. అయిపోయింది, ఇక అన్నని ఈ గుమ్మం తొక్కనివ్వరు అనుకున్నాడు నాగూరు.

కానీ గుళ్ళో నిశ్శబ్దం రాలేదండీ. వెనకనుంచి ఆ ఒక్క స్వరం వస్తూనే ఉంది. ముసలాయన బుగ్గలు నిండుతున్నాయి, ముక్కుగుండా గాలి లోపలికి పోతోంది, నాదం మాత్రం వెంట్రుకంత కదలడం లేదు. ఉయ్యాల ఆగలేదు, పూజారి తలెత్తలేదు. అంతటి విద్వాంసుడు తన విద్యంతా మూట కట్టి పక్కన పెట్టి, ఒక్క స్వరమై కూర్చున్నాడు. అందులో తొందర లేదు, విసుగు లేదు. నాగూరు చేతిలో తాళాలున్నాయన్న సంగతే మర్చిపోయాడు. ఎంతసేపటికో బాజీ ఆ స్వరాన్నే పట్టుకుని మెల్లగా రాగంలోకి తిరిగొచ్చాడు.

సేవయ్యాక గుడి మెట్ల మీద బాజీ తనంతట తనే నోరు విప్పాడు. "నిరుడు మా పాప పోయినకాణ్ణించీ నిద్ర లేదు గురువుగారూ. కళ్ళు మూస్తే ఖాళీ ఉయ్యాల ఊగుతున్నట్టే ఉంటది. తాగితేనే ఆగుద్ది."

"దానికీ, తాగుడుకీ కూడా మందిచ్చే డాక్టర్లు గుంటూరు పెద్దాసుపత్రిలో ఉన్నారు. పొద్దున్నే బస్సెక్కుదాం."

నాగూరు తల దించుకున్నాడు. "రోజూ పక్కనే కూర్చుంటా. వాసన తెలిసింది గానీ ఇది తెలీలేదు. మీకెట్టా తెలిసింది?"

"వాడు ఊదింది నువ్వు విన్నావు. ఊదనిది..." సాహెబు మాట అక్కడే వదిలేసి సన్నాయి గుడ్డలో చుట్టుకున్నాడు.

మర్నాడు ఆసుపత్రిలో పేరు పిలిచేసరికి బాజీ బల్ల మీంచి లేవలేదు. ముందు సాహెబే లేచి, అతన్ని లేపి, కూడా నడిచాడు. గుమ్మం దగ్గర నర్సమ్మ అడ్డం వచ్చింది.

"ఒక్కరే రావాలి తాతా. ఇంతకీ పేషెంటు ఎవరు?"

"పేషెంటు వీడమ్మా," అన్నాడు సాహెబు బాజీ భుజం వదలకుండా. "నేను శ్రుతి."