ఆవగింజంత అపాయం

దీవి నుంచి ఓడ నిండా బంగారు రంగు పళ్లొచ్చాయి. వాటిలోని పురుగు పాకితే మామిడితోటలన్నీ నాశనమైపోతాయని రైతులు మొరపెట్టుకున్నారు.

"వెయ్యి పళ్లలో ఒకదానికి పురుగుంటుందేమో! ఆవగింజంత అపాయానికి ఇంత గోలా?" అన్నాడు, ఓడ వర్తకుడి విందు తిన్న మంత్రి భూధరయ్య.

రాజు సుధన్వుడికి ఎటూ పాలుపోలేదు. "ఆ అపాయం ఎంతో కొలవగలవాళ్లున్నారా?" అని అడిగాడు.

తోటకాపరి ఎర్రక్క చేతులు జోడించింది. "నేను కొలుస్తాను ప్రభూ. పరదేశపు పళ్లబుట్టను తమరు రుచి చూసేముందు పచ్చని చెట్టు కింద విప్పడం మన ఆనవాయితీ కదా! ఈ ఓడలోని ఒక పళ్లబుట్టను మంత్రిగారి మామిడిచెట్టు కిందే విప్పిద్దాం. ఆయన తోట పిందె మీదుంది."

మంత్రి ముఖం పాలిపోయింది. "నా తోటలోనా? వద్దొద్దు!" అంటూ గభాలున ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అదే కొలత ప్రభూ," అంది ఎర్రక్క. "రైతుల తోటలకు ఆవగింజంత. అయ్యగారి తోటకొచ్చేసరికి కొండంత."

రాజు సింహాసనం మీంచి లేచాడు. కనిపించని అపాయాన్ని ఈమె అందరి కళ్లముందు నిలబెట్టింది!

"ఓడను వెనక్కి పంపండి," అన్నాడు, మంత్రి పాదాలకేసి చూస్తూ. "తూకం తేలింది."