పళ్ళపొడితో తోమిన నల్లద్దం

అనగనగనగా ఒక ఊళ్ళో ఒక అత్తగారు, ఒక కోడలు ఉండేవాళ్ళు. కాళ్ళు ఊపకుండా పడుకో, చెబుతాను. అత్తగారి పేరు వీరరాఘవమ్మ. కోడలి పేరు మాత్రం అడక్కు. ఆ పిల్ల చేసిన పనికి పేరు చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే.

వీరరాఘవమ్మకి రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. డాక్టరుగారు నల్లద్దాలు ఇచ్చి, "నెల్లాళ్ళు ఇంట్లో ఉన్నా తీయకండి" అన్నారు. ఆయన మాటంటే ఆవిడకి మహా భయం. పడుకున్నాక కళ్ళు మూసుకుని తీసేది, మళ్ళీ కళ్ళు తెరవకముందే తడుముకుని పెట్టుకునేది. ఆ నల్లద్దాల్లోంచే బియ్యంలో రాళ్ళు కనిపిస్తున్నాయని మురిసిపోయేది. పూటపూటకీ కంట్లో చుక్కలు వేసే పని కోడలిది. అప్పుడూ అద్దాలు కాస్త పైకెత్తి, చుక్క పడగానే కన్ను గట్టిగా మూసేసుకునేది ఆవిడ.

ఒక మధ్యాహ్నం అత్తగారు నిద్రపోతోంది. కోడలు వడియాలు పెట్టడానికి డాబా ఎక్కుతూ, ఎండగా ఉందని ఆ అద్దాలు పెట్టుకుంది. ఎండ వంక ఎందుకులే, సోకుకే పెట్టుకుంది. పిండిగిన్నె మీదికి వంగేసరికి అవి జారి కింద పడ్డాయి. అప్పుడు కంగారుపడి అడుగేసింది. కుడివైపు అద్దం కాలికింద రెండు ముక్కలైంది.

"అత్తయ్యా, విరగ్గొట్టాను" అంటే అక్కడితో పోయేది. ఆవిడ తిట్టే మనిషి కూడా కాదు. కానీ ఈవిడగారి సోకు బయటపడుతుందే! ఆ సిగ్గుతో నోరు పెగల్లేదు. ఆవిడ లేచేలోపు అద్దం తనే కోసి పెట్టేద్దామనుకుంది.

అప్పుడు బాగున్న ఎడమద్దం ఊడదీసి, పాత శుభలేఖ మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి కత్తిరించింది. ఆ కొలతకి మామగారి మోకాలి ఎక్స్‌రే ఫిల్ము కోసింది. అది మరీ పల్చన, వేలు తగలగానే ఊడి చేతిలోకొచ్చింది. ఆ తర్వాత పాటల క్యాసెట్టు పెట్టె నల్లమూత కోయబోయింది. కత్తెర పడగానే అది ఫట్‌మని చిట్లింది.

ఆ తర్వాత మొగుడి హెల్మెట్ కనిపించింది. ఆయన ఎప్పుడూ పెట్టుకున్న పాపాన పోలేదు, అందులో ఉల్లిపాయలు పోసుకునేవాళ్ళు. దానికి ముందు నల్లటి ప్లాస్టిక్ అద్దం, వంపు కూడా సరిగ్గా ఉంది. వేడినీళ్ళలో ముంచి కోసింది. తీరా చూస్తే వంపు లోపలికొచ్చింది. ఎడమదాని కొలత బోర్లిస్తే కదా కుడిదానికి సరిపోయేది! అట్టముక్క బోర్లించి మళ్ళీ గీసి, మళ్ళీ కోసి, అంచులు అరుగు మీద నూరింది. ఎడమద్దం దాని చోట పెట్టేసి, ఫ్రేము వేడినీళ్ళలో పెట్టి నొక్కితే ఇదీ టక్కున కూర్చుంది.

కూర్చుంది గానీ దాని మీద గీతలున్నాయి. అప్పుడు ఆ తెలివిగల పిల్ల ఏం చేసిందనుకున్నావు? వెండి కుంకుమభరిణె తోమినట్టు పళ్ళపొడి వేసి తోమింది. అద్దమంతా పొగ పట్టినట్టయిపోయింది. పెట్టుకుని చూసింది కూడా. మసకగా ఉందని తెలుసు. తెలిసే తీసుకెళ్ళి అత్తగారి పక్కన పెట్టింది.

మర్నాడు వీరరాఘవమ్మ బియ్యం చేట పక్కన పెట్టేసింది. ఆ మర్నాడు గుమ్మం తడుముకుంటూ వచ్చింది. మూడోనాడు దేవుడి గూటి ముందు కూర్చుని, "కుడిది కూడా పోయింది కాబోలు స్వామీ. చూసినన్నాళ్ళు చూశాను" అని చిన్నగా చెప్పుకుంటోంది.

చుక్కల సీసా పట్టుకుని వెనకాలే వచ్చిన కోడలు ఆ మాట విన్నది. అసలే మూడు రోజులుగా దానికి అన్నం సయించడంలేదు. అప్పుడిక ఉండబట్టలేక ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది. సోకు, వడియాలు, హెల్మెట్, పళ్ళపొడి, అన్నీ చెప్పేసింది. తలెత్తితే ఒట్టు.

వీరరాఘవమ్మ మెల్లిగా అద్దాలు తీసి కుడికన్ను తెరిచింది. కాసేపు కోడలి ముఖంలోకే చూసింది.

"నీ ముక్కుపుడకలో రాయి ఎర్రదటే అమ్మాయ్? నల్లదనుకున్నాను ఇన్నాళ్ళూ" అంది.

కోడలికి ఏడుపాగలేదు. "కన్ను పోయిందనుకుని కూడా మూడు రోజులు ఎవరికీ చెప్పలేదేం అత్తయ్యా?" అంది.

"చెబితే, చుక్కలు సరిగ్గా వేయలేదని నా కూతుళ్ళు నీ మీద పడతారు. పోయిన కన్ను ఎలాగూ రాదు, మధ్యలో నీకు మాటెందుకని ఊరుకున్నాను" అంది ఆవిడ.

రెండు తిట్టినా బాగుండేది. తన కన్ను పోయిందనుకుని కూడా ఆవిడ కోడల్ని కాచుకుంది. కోడలేమో తన సోకు దాచుకోవడానికి ఆవిడ కంటికి మసక పెట్టింది. ఆ సిగ్గు ఎక్కడికి పోతుంది చెప్పు.

ఆ తర్వాత కొత్త అద్దాలు వచ్చాయి. ఆవిడ ఇంకో పదిహేనేళ్ళు బియ్యంలో రాళ్ళు ఏరింది. ఈ సంగతి మాత్రం పోయేదాకా ఎవరితోనూ అనలేదు. హెల్మెట్ అద్దం ఎలుకలు కొట్టేశాయనే మీ తాతయ్య అనుకున్నారు పాపం. ఆ పాత నల్లద్దాలు నా పెట్టెలో, పట్టుచీరల అడుగున ఉన్నాయి.

ఏమిటలా కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తావు? అవును తల్లీ, ఆ కోడలి పేరు శేషారత్నమే. మీ అమ్మమ్మే.

కథ వెళ్ళింది కంచికి,
నిద్దరొచ్చింది కంటికి,
సిగ్గు మిగిలింది అమ్మమ్మకి.