నమ్మనివాడు కావలెను

ఈస్టరు పండగ రేపనగా తీతుకి ధైర్యం జారింది.

మరుసటి పొద్దున సమాధుల దొడ్డిలో, జనం ముందు నిలబడి, అతను మొదటిసారి వాక్యం చెప్పాలి. ఆరేళ్లు ఉపదేశి జక్కరయ్యగారి దగ్గర కూర్చుని నేర్చుకున్న చదువుకి అది పరీక్ష. బాగా చెబితే పేటకి రేపటి ఉపదేశి అతనే. చెప్పకపోతే పొగాకు ఆరబెట్టే బేరన్‌లో కూలికి పోవాల్సిందే. అందులో తప్పేం లేదు గానీ, తీతుకి వేరే పనేదీ మనసుకి ఎక్కలేదు.

జక్కరయ్యగారు అప్పుడు దొడ్డి గోడకి సున్నం కొడుతున్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషి. గోడ మీద కుంచె ఆనవాలు కనపడితే మళ్లీ మొదటికొచ్చి కొట్టేవాడు. ఇంకొకరు కొడితే ఒప్పుకునేవాడు కాదు.

"అయ్యగారూ, రేపు వాక్యం నేను చెప్పలేను" అన్నాడు తీతు.

"గొంతు పోయిందా?"

"గొంతు బాగానే ఉందయ్యా."

"మరి?"

"ప్రభువు సమాధిలోంచి లేచాడని నాకు నమ్మకం కుదరటల్లేదు."

కుంచె ఆగలేదు. పైకీ కిందికీ, పైకీ కిందికీ.

"ఎప్పట్నించి?"

"మాఘంలో మా అక్కని పూడ్చిన కాణ్ణించి. మన్నేసింది నేనే గదయ్యా. ఆ చేతుల్తో పుస్తకం పట్టుకుని లేచాడు లేచాడంటే, అబద్ధమాడినట్టు ఉంటది."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదయ్యా. మీకే."

"మంచి పని చేశావు. ఎవరికీ చెప్పమాక. ఎత్తుకుపోతారు."

తీతు తెల్లబోయాడు. తిడతాడనుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చోబెట్టి ప్రార్థన చేస్తాడనుకున్నాడు. ఆయన మాత్రం కుంచె డబ్బాలో పెట్టి, చేతులు కడుక్కుని, చెప్పులేసుకున్నాడు.

"పద. సువార్తమ్మ ఇంటికి పోదాం."

ఆ మాటకి తీతు ఇంకా తెల్లబోయాడు. ఎందుకంటే సువార్తమ్మ జక్కరయ్యగారి మొహం చూసి పదకొండేళ్లయింది.

ఆ సంగతి కొంచెం చెప్పాలి. గుండ్లకమ్మ ఒడ్డునున్న ఆ పేటలో పాతకాలం నించీ ఒక పద్ధతుంది. పక్కపేట వాళ్లు అది తమదేనంటారు గానీ, వాళ్లకి అలా అనుకోవటం అలవాటే. పండగనాడు తెల్లవారుజామున ఆడవాళ్లే ముందు సమాధుల దొడ్డికి పోతారు. పోయి, తిరిగొచ్చి, ఇంటింటి తలుపూ కొట్టి, "లేచాడు" అని కబురు చెబుతారు. లోపలున్న మగవాళ్లు మంచం మీద నించే "వెర్రిమాటలు" అనాలి. ఆ మొదటి పొద్దున శిష్యులు ఆడవాళ్ల మాట అట్టాగే కొట్టిపారేశారు గనక. అప్పుడు ఆడవాళ్లు బతిమాలి, పోట్లాడి, మగవాళ్లని మంచాల మీద నించి లేపి దొడ్డికి తోలుకుపోతారు.

కాలం గడిచే కొద్దీ మగవాళ్లకి బద్ధకమొచ్చింది. తలుపు చప్పుడవగానే "ఆఁ, లేచాడు లేచాడు, పోండమ్మా" అని అటు తిరిగి పడుకోటం మొదలెట్టారు. సువార్తమ్మ స్త్రీల సమాజానికి పెద్ద. సంతకం చెయ్యటానికి అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ, నాలుగు సువార్తలూ కంఠతా వచ్చు. ఆమె ఓర్చుకుంది. ఒక ఏడు మాత్రం ఉపదేశిగారి తలుపు కొట్టి "లేచాడు" అంటే, ఆయన లోపల్నించి ఆవులిస్తా "తెలుసులేమ్మా" అన్నాడు.

అంతే. ఆ ఆవులింతని ఆమె పదకొండేళ్లు దాచుకుంది. బల్లారాధనలో రొట్టె ఆయన చేతి నించే తీసుకునేది గానీ, పళ్లెం వైపు చూసి తీసుకునేది. వందనం ఆయన వెనకున్న గోడకి పెట్టేది.

సువార్తమ్మ వాకిట్లో చేట పట్టుకుని కందులు చెరుగుతోంది. గురువూ శిష్యుడూ వచ్చి నిలబడినా తలెత్తలేదు.

"రేపటికి మీకొక మనిషిని తెచ్చానమ్మా" అన్నాడు జక్కరయ్యగారు.

"ఏం మనిషి?" అంది చేటతో.

"నమ్మనివాడు."

చేట ఆగింది.

"వేషమా, నిజంగానా?"

"నిజంగానే."

ఆమె లేచొచ్చి తీతు చుట్టూ ఒకసారి తిరిగింది. సంతలో ఎద్దుని చూసినట్టు చూసింది. పళ్లొక్కటే చూడలేదు.

"మెత్తటోడు. ఇట్టా తలుపు తియ్యగానే అట్టా నమ్మేస్తాడు."

"నమ్మడు. నేను పూచీ."

"నీ పూచీ సంగతి నాకు తెలుసు" అని మళ్లీ కందుల దగ్గర కూర్చుంది. కానీ ఈసారి చెరుగుడు జోరుగా ఉంది.

దారిలో తీతు అన్నాడు, "అయ్యా, నన్ను నవ్వులపాలు చేస్తున్నారు."

"ఒకటే మాట" అన్నాడు జక్కరయ్యగారు. "రేపు అబద్ధం చెప్పొద్దు. నమ్మకం లేకపోతే లేదను. మొహమాటానికి అవునన్నావో, మళ్లీ నా అరుగెక్కొద్దు."

తెల్లవారుజామున తీతు మెలకువగానే మంచం మీదున్నాడు. గుమ్మాల దగ్గర మామూలు మాటలు వరసగా వినపడుతున్నాయి. తలుపు చప్పుడు, "లేచాడు", దగ్గు, "సరే సరే", మంచం కిర్రుమనటం. అలా అలా అతని తలుపు దాకా వచ్చింది.

తీశాడు. ఏడుగురు ఆడవాళ్లు. ముందు సువార్తమ్మ, తెల్ల చీర, కొంగు నడుముకి దోపుకుని.

"లేచాడు" అంది.

"నేన్నమ్మను" అన్నాడు తీతు.

వెనకెవరో కిసుక్కున నవ్వారు. సువార్తమ్మ నవ్వలేదు.

"మళ్లీ అను."

"నమ్మనమ్మా. మీ మీద గౌరవం లేక కాదు. నమ్మకం కుదర్లేదు."

ఆమె వెనక్కి తిరిగింది. "దొర్కా, మిగతా ఇళ్లు వదిలెయ్యండి. ఇక్కడ పనుంది." అని గడప మీద చతికిలబడింది. మిగతా ఆరుగురూ అరుగు మీద సర్దుకున్నారు. తీతు గడపకి లోపలి పక్క నేల మీద కూర్చున్నాడు.

"విను. చీకటుండగానే పోయామా. చేతిలో సుగంధ ద్రవ్యాలు. దారంతా ఒకటే దిగులు, ఆ రాయెవరు దొర్లిస్తారా అని. పోయేసరికి రాయి పక్కకుంది. లోపల దూత కూర్చోనున్నాడు."

"ఇద్దరు" అంది దొర్కమ్మ.

"ఒక్కడే."

"ఇద్దరక్కా. లూకా అయ్యగారు సువార్తలో ఇద్దరని రాశాడు."

"మార్కు అయ్యగారు ఒక్కడన్నాడు. నువ్వు లూకా అయ్యగారి చుట్టానివా?"

తీతుకి సందు దొరికింది. "చూశారా, మీలో మీకే పొంతన కుదర్లేదు. ఇంక నన్నెట్టా నమ్మమంటారు?"

సువార్తమ్మ అతన్ని జాలిగా చూసింది.

"అబ్బాయ్, నా కాన్పప్పుడు గదిలో మంత్రసానులు ఇద్దరున్నారో ముగ్గురున్నారో నన్నిప్పుడడిగినా చెప్పలేను. మా అత్త ముగ్గురంటది. మా ఆడబిడ్డ ఒక్కతే అంటది. బిడ్డయితే పుట్టాడు. అదుగో."

ఎదురింటి గోడకి ఆనుకుని, ఆమె కొడుకు యాభయ్యేళ్ల దానియేలు వేపపుల్ల నములుతున్నాడు. తన పుట్టుక మీద ఇంత తగాదా నడుస్తోందని తెలియక ఇటు చూసి చెయ్యి ఊపాడు.

అరుగంతా నవ్వింది. తీతుక్కూడా నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. నవ్వితే ఒప్పుకున్నట్టే అవుతుంది కదా.

"అది సరేనమ్మా" అన్నాడు. "మరి మా అక్క?"

అరుగు మీద నవ్వులు ఆగాయి.

"గొయ్యి తీసింది నేను. మన్నేసింది నేను. మన్నంటే ఎట్టుంటదో నాకు తెలుసు. లేస్తారంటే నేనెట్టా నమ్మేది?"

సువార్తమ్మ దొర్కమ్మ వైపు చూసింది.

దొర్కమ్మ ముందుకు జరిగింది. ఆ పేటలో ఏ ఆడమనిషి పోయినా నీళ్లుపోసి, తల దువ్వి, కొత్త చీర చుట్టేది ఆమే.

"మీ అక్కకి నీళ్లు పోసింది నేను" అంది.

"అవునమ్మా."

"జడేసింది నేను. ఒళ్లు ఎంత చల్లగుందో నీకంటే నాకే ముందు తెలుసు. ఈ పేటలో నలభై మందికి పోశాను ఈ చేతుల్తో. చావంటే ఏందో తెలీక వాగుతున్నాననుకుంటున్నావా?"

తీతు తన చేతుల వంక చూసుకున్నాడు.

"ఆ పొద్దు పోయినోళ్లు కూడా నాబోటి వాళ్లే. పండగ చెయ్యటానికి పోలా. పీనుక్కి పరిమళాలు పూయటానికి పోయారు. చావంటే బాగా తెలిసినోళ్లే వచ్చి చెప్పారు. నేనూ అదే చెబుతున్నా. నమ్మితే నమ్ము, లేకపోతే నీ ఇష్టం."

"ఇంక మా దగ్గర మాటల్లేవు" అంది సువార్తమ్మ. "పోయి చూసుకో."

తీతు కూర్చునే ఉన్నాడు. తర్వాత లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. గడప మీదున్న సువార్తమ్మని దాటి, అరుగు దిగి, రెండడుగులు నడిచాడు. మూడో అడుగు నించి పరిగెత్తటం మొదలెట్టాడు.

చెప్పుల్లేవు. దారిలో కోళ్లు చెదిరాయి. రెండు కుక్కలు సరదాకి వెంటపడ్డాయి. దానియేలు పుల్ల నోట్లోనే ఉంచుకుని, "ఏందిరా, ఎవరి కొంపంటుకుంది?" అన్నాడు. జవాబు రాకపోయేసరికి తనూ పరిగెత్తాడు. మంచాల మీదున్న మగవాళ్లు దుప్పట్లు కప్పుకునే గుమ్మాల్లోకొచ్చారు.

"ఏమైందే? ఆడోళ్లేం చెప్పారే?" అని పెళ్లాల్ని అడిగారు. ఆ పేటలో మగవాళ్లు ఆ ప్రశ్న అడిగి ఎన్నేళ్లయిందో.

ఆడవాళ్లకి జవాబు చెప్పే తీరిక లేదు. కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని వాళ్లూ పరిగెత్తుతున్నారు, ముందు సువార్తమ్మ, "నా మనిషి, దారియ్యండి" అంటా. అరవయ్యెనిమిదేళ్లు ఆమెకి. నవ్వుతా పరిగెత్తటం కష్టం. అయినా రెండూ చేసింది.

సమాధుల దొడ్డి చివర, శుక్రవారంనాడు తాటాకుల్తో కట్టిన చిన్న సమాధుంది. ఏటేటా కడతారు. ముందు రాళ్లు పేరుస్తారు, పండగ పొద్దున ఆడవాళ్లు రాళ్లు తీసేసి లోపల తెల్లగుడ్డ ఒకటి పెట్టి వస్తారు. ఈసారి కట్టింది తీతే. ఆకులు కోసింది, రాళ్లు మోసింది అతనే. లోపలేముంటుందో అతనికి తెలుసు. ఏమీ ఉండదని తెలుసు.

అయినా వంగి చూశాడు.

తెల్లగుడ్డ ఉంది. తాటాకు సందుల్లో నించి వెలుతురు సన్నగా దాని మీద పడుతోంది. తీతు అలాగే వంగి చాలాసేపు చూశాడు. రొప్పుకి వీపు ఎగిరెగిరి పడుతోంది.

వెనక పేటంతా వచ్చేసింది. దుప్పట్లు, వేపపుల్లలు, చంకల్లో పిల్లలు. ఇన్నేళ్లలో పొద్దు పొడిచేలోపు అంతమంది రావటం అదే మొదలు.

జక్కరయ్యగారు ముందే వచ్చి, తను సున్నం కొట్టిన గోడకి ఆనకుండా జాగ్రత్తగా నిలబడున్నాడు. సువార్తమ్మ ఆయాసపడుతూ ఆయన ముందుకొచ్చి ఆగింది. తలెత్తి మొహంలోకి చూసింది.

"వందనాలయ్యా" అంది.

"వందనాలమ్మా."

"వచ్చే ఏటికి ఎవర్ని చూశావు?"

"వెతుకుతా" అన్నాడాయన.

తీతు నడుం నిటారు చేసుకుని గురువు దగ్గరికొచ్చాడు. కళ్లు తడిగా ఉన్నాయి. అడిగితే చెమటనేవాడు.

"అయ్యా, వీళ్లంతా వాక్యం కోసం చూస్తున్నారు. నాకింకా పూర్తిగా నమ్మకం కుదర్లేదు" అన్నాడు మెల్లగా.

"పెద్ద శిష్యుడు పేతురు అయ్యగారికీ ఆ పొద్దున కుదర్లేదు" అన్నాడు జక్కరయ్యగారు. "ఆడోళ్ల మాట విని సమాధి దగ్గరికి పరిగెత్తాడని రాశాడు లూకా. నమ్మాడని రాయలేదు."

తీతు ఆయన వంక చూశాడు.

"మరి వీళ్లకి నన్నేం చెప్పమంటారు?"

"ఎందుకు పరిగెత్తావో చెప్పు."

తీతు జనం వైపు తిరిగాడు. చెప్పటానికి నోరు తెరిచాడు. మాట కంటే ముందు నవ్వొచ్చింది.