చావనని మొండికేసిన సొరచేప

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసేచోట దట్టమైన మడ అడవి ఉంది. ఒక ఎండాకాలం అక్కడికి సినిమావాళ్ళు దిగారు. రాకాసి సొరచేప ఒకటి జనాన్ని మింగేస్తూ ఉంటే, ఒక కెప్టెన్ ఈటె పట్టుకుని దాని నోట్లోకే దూకి చంపేస్తాడు. అదీ వాళ్ళు తీసిన కథ. పొదల్లో నక్కి అడవంతా ఆ షూటింగు చూసింది. అయిపోయాక వాళ్ళు సామానంతా సర్దుకుపోయారు గానీ, పడవంత రబ్బరు సొరచేపని మాత్రం బురదలోనే వదిలేశారు. లారీలో పట్టలేదు మరి.

కోతి అప్పన్న దాని చుట్టూ తిరిగి తొడగొట్టాడు. "ఈ సినిమా మనమే ఆడదాం! నేను డైరెక్టర్ని."

"కెమెరా ఏదీ?" అంది కాకి.

"చూసేవాళ్ళకి కళ్ళున్నాయిగా, ఇంకా కెమెరా దేనికి?"

కెప్టెన్ వేషానికి నక్క దొరబాబు ఎవరూ అడక్కముందే ముందుకొచ్చాడు. తోక దులుపుకుని, మెడ ఎత్తి, "ఆయ్, ఈ మొహం చూశాక ఇంకొకడి పేరు ఎత్తుతారేంటండీ?" అన్నాడు. ఎవరూ ఎత్తలేదు. సొరచేప లోపల దూరేదెవరన్న మాట రాగానే అందరూ గేదె ముత్యాలు వైపు తిరిగారు. అంత బరువు మోస్తూ ఈదగలిగేది ఆమె ఒక్కతే.

"చివరికి చచ్చిపోవాలా నేను?" అంది ముత్యాలు.

"చావాలక్కా. నువ్వు చస్తేనే కథ పూర్తవుతుంది" అన్నాడు అప్పన్న.

ముత్యాలు ఏ పని ఒప్పుకున్నా మనసుపెట్టి చేసేది. రోజూ పొద్దున్నే ఆ రబ్బరు తొడుక్కుని పాయలో ఈదేది. లోపల చీకటి, ఉక్క, కుళ్ళిన నాచు కంపు. నోటి దగ్గర ఉన్న సందులోంచి కనిపించినంతే లోకం. అయినా నోరు తెరుచుకుని నీళ్ళు చీల్చుకుంటూ రావడం నేర్చుకుంది. దొరబాబు ఆ నోట్లోకి దూకి ఈటె పొడవగానే గిరగిర తిరిగి, ఒక్కసారి పైకి లేచి, పక్కకి ఒరిగి చావడం కూడా నేర్చుకుంది. ఆట ఆడినరోజు ఆ చావు చూసి తాబేళ్ళు కళ్ళు తుడుచుకున్నాయి.

కానీ మెచ్చుకోళ్ళన్నీ దొరబాబుకే. కుందేలు పిల్లలు అతని వెంట పరుగులు తీశాయి. ముత్యాలు గడ్డి మేస్తూ దగ్గరికొస్తే మాత్రం "అమ్మో సొర!" అని పారిపోయాయి. ఆమెకి కాస్త చివుక్కుమంది. వేషం బాగా కుదిరినట్టేలే అని సర్దిచెప్పుకుంది.

పాయ మధ్యలో చిన్న లంక ఉంది. ఎక్కడినుంచో వచ్చిన అడవిబాతులు ఆ ఏడు మొదటిసారి అక్కడ గూళ్ళు పెట్టాయి. సినిమావాళ్ళని అవి చూడలేదు. దూరం నుంచి ఆట ఒక్కటే చూశాయి. చూసి, నిజంగానే ఒక నక్క మహానుభావుడు రాకాసి సొరని చంపాడని నమ్మేశాయి. ఆ సంగతి దొరబాబు చెవిన పడింది. చెవిన పడ్డ మాటని ఊరికే వదిలే రకం కాదతను.

మర్నాడే ముత్యాలు దగ్గరికి వచ్చాడు. "అక్కా, ఆట ఇంకా బాగా రావాలంటే రిహార్సల్ ఆపకూడదు. రోజూ సాయంత్రం లంక చుట్టూ ఒక రౌండు వెయ్యి. నోరు బాగా తెరువు."

"నువ్వు రావా?"

"నేను లంక మీద నిలబడి చూస్తాగా, ఎలా వస్తోందో."

ముత్యాలు నమ్మింది. సాయంత్రం పూట లంక చుట్టూ తిరిగేది. బాతులు గోల పెట్టేవి. చూసేవాళ్ళు దొరికారు గదాని ఇంకాస్త ఉత్సాహంగా తోక ఆడించేది.

ఒకరోజు సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ, నీళ్ళు తీసి, లంకదాకా ఇసుక తేలింది. లేత గడ్డి కోసం ముత్యాలు నడుచుకుంటూ అటు వెళ్ళింది. గట్టు మీద బాతుల పెద్దమ్మ వీరవేణమ్మ ఖాళీ గూటి ముందు కూర్చుని ఏడుస్తోంది.

"ఏమైందమ్మా?"

"ఏం చెప్పను తల్లీ! సొర తినేస్తోంది మా గుడ్లు, రోజుకో గూడు."

"సొర గట్టెక్కి గుడ్లు తింటుందా?"

"అలతోపాటు వచ్చి ఊడ్చుకుపోతోందంట. మొన్న దొరబాబు గారు చంపారే, దాని పెళ్ళామంట ఇది. పగబట్టి వచ్చిందంట. ఆయనే లేకపోతే మమ్మల్ని కూడా మింగేసును. అది వచ్చినప్పుడల్లా మమ్మల్నందరినీ ఎగిరిపొమ్మని, ఆయన ఒక్కడే గూళ్ళ దగ్గర కాపలా ఉంటున్నాడు పాపం."

ముత్యాలు నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది. తను నీళ్ళలో తిరుగుతున్నంతసేపూ పైన ఏం జరుగుతోందో అప్పుడు అర్థమైంది.

"అమ్మా, ఆ సొర నేనే" అంది. "అది రబ్బరు. లోపల ఉండేది నేను. మీ గుడ్లు తినేది ఆ నక్క."

వీరవేణమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. చుట్టూ మిగతా బాతులు కూడాయి. "అంత పెద్దాయన మీద ఇంత మాటా? ఓర్వలేక అంటున్నావు" అంది ఒకటి. ఇంకొకటి ముక్కు చాపింది. "సరే, సొరవి నువ్వే అనుకుందాం. అయితే గుడ్లు మింగింది కూడా నువ్వే అవ్వాలిగా?"

 గడ్డి తప్ప ఇంకోటి ఎరగని ముత్యాలు, గుడ్ల దొంగ అయిపోయింది. ముక్కులతో పొడుస్తూ బాతులు ఆమెని ఇసుక దాటేదాకా తరిమాయి.

చాలాసేపు ఆమె బురదలో పడుకుని ఆలోచించింది. మాటలతో అయ్యే పని కాదు. దొరబాబు నోటిముందు తన నోరు నిలవదు. ఇక వేషం మానేసి కూర్చుంటే, అతను ఇంకేదో బూచిని చూపిస్తాడు. మిగిలిన గుడ్లు కూడా పోతాయి. లేచి, ఒళ్ళు విదుల్చుకుని, అప్పన్న దగ్గరికి నడిచి, జరిగిందంతా చెప్పింది.

"రేపు మధ్యాహ్నం పోటు వచ్చి లంక చుట్టూ నీళ్ళు నిండాక వెళ్తాను" అంది. "దొరబాబు పొడుస్తాడు. నేను చావను."

అప్పన్న తల గోక్కున్నాడు. "కథే మారిపోతుందే!"

"మారాలి."

"అది కాదక్కా. రబ్బరు పొట్ట దగ్గర చిరిగింది. పోటు నీళ్ళు లోపలికి చేరాయంటే నిన్ను కిందికి లాగేస్తుంది. చావనని వెళ్ళి నిజంగానే చస్తావు."

"తీగలు తీసుకురా. కుడదాం."

ఇద్దరూ పొద్దుపోయేదాకా మడతీగలతో చిరుగు బిగించారు. పొద్దున్నే ముత్యాలు ఆ తొడుగులో నీళ్ళు నింపుకుని మరీ ఈది చూసింది. రెండుసార్లు మునిగింది. దగ్గుతూ గట్టుకొచ్చి మళ్ళీ దిగింది. ఇంక చాలని అప్పన్న అరిచినా వినలేదు. ఎంత బరువు ఎంతసేపు మొయ్యగలదో తెలిశాకే బయటికి వచ్చింది.

మధ్యాహ్నం పోటు వచ్చింది. ఇసుక దారి మునిగిపోయింది. లంక మీద దొరబాబు దాచుకున్న గుడ్లు కడుపునిండా తిని పొద కింద కునుకు తీస్తున్నాడు. "సొర! సొర!" అని బాతులు గోలపెట్టేసరికి ఉలిక్కిపడి లేచాడు. అదేంటి, రావాల్సింది సాయంత్రం కదా అనుకున్నాడు. అంతలోనే తేరుకుని వెదురు ఈటె అందుకున్నాడు.

"మీరంతా ఎగిరిపోండి! నేనున్నాగా!"

బాతులు లేవబోయాయి. సరిగ్గా అప్పుడే చెట్టుమీద నుంచి అప్పన్న కేకేశాడు. "ఎక్కడికర్రా వెళ్తారు? కెప్టెన్ గారు సొరని చంపుతుంటే దగ్గరుండి చూడొద్దూ?"

నిజమే కదా అనుకుని బాతులు గట్టుమీదే ఆగి వరసగా నిలబడ్డాయి. దొరబాబుకి కాస్త ఇబ్బందయింది గానీ, చూసేవాళ్ళు ఉంటే అతనికి హుషారే. మెడ ఎత్తి డైలాగు చెప్పి, నీళ్ళంచుకి వచ్చి ఈటెతో పొడిచాడు.

సొర కదల్లేదు.

మళ్ళీ పొడిచాడు. సొర ఇంకాస్త ముందుకొచ్చి నోరు తెరిచింది.

దొరబాబు వంగి గుసగుసలాడాడు. "చావవే! చావమంటుంటే!"

"ఇవాళ చావబుద్ధి కావట్లేదు" అంది లోపలినుంచి ముత్యాలు. "దూకు, నోట్లోకి. కొమ్ములు అక్కడే ఉన్నాయి."

దొరబాబు రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక బాతుల వరస. "దూకండి బాబూ! ఆరోజు దూకారుగా!" అంటూ వీరవేణమ్మ రెక్కతో తోసింది. "మా గుడ్ల పగ తీర్చండి!" అంటూ మిగతావి కూడా తోశాయి.

"కట్!" అని దొరబాబు చెట్టువైపు అరిచాడు. "కట్ చెప్పరా అప్పన్నా!"

"కెమెరా ఏదీ బాబూ, కట్ చెప్పడానికి?" అన్నాడు అప్పన్న తాపీగా.

లోపల ముత్యాలుకి పొట్ట కింద చల్లగా తగిలింది. కుట్టు విడిపోతోంది. నీళ్ళు మోకాళ్ళు దాటి మెడకి ఎక్కుతున్నాయి. వెనక్కి తిరిగితే బతుకుతుంది. తిరిగితే దొరబాబు గెలుస్తాడు. పళ్ళు బిగబట్టి, కాళ్ళు బురదలో తన్నిపట్టి, ఇంకొక్క అడుగు ముందుకే వేసింది. రబ్బరు పళ్ళు నక్క మూతిని తాకాయి.

"ఓరి నాయనో! నన్ను తోయకండే!" దొరబాబు గొంతు కీచుమంది. "అది సొర కాదు! ఉత్త రబ్బరు! లోపల ఉన్నది గేదె!"

తోపులాట ఆగిపోయింది.

"మీకెలా తెలుసండీ?" అంది వీరవేణమ్మ.

"తెలియకేం? రోజూ రమ్మన్నది నేనేగా!"

అనేశాక గానీ అతనికి తను ఏమన్నాడో తెలియలేదు. అప్పటికే కుట్టు పూర్తిగా ఊడిపోయి రబ్బరు సొర చప్పబడి మునుగుతోంది. ముత్యాలు తల విసిరి, కొమ్ములతో దాన్ని చీల్చుకుని, రొప్పుతూ గట్టెక్కింది. ఒక కుర్ర బాతు దొరబాబు పడుకున్న పొద కిందకి దూరి, గుడ్డు పెంకు ఒకటి ముక్కున కరుచుకొచ్చింది. ఆ వెనకే ఇంకోటి, ఇంకో పెంకుతో.

ఇక చెప్పేదేముంది! రెక్కలు, ముక్కులు అన్నీ ఒక్కసారి దొరబాబు మీద పడ్డాయి. అటు చూస్తే పోటు నీళ్ళు, ఇటు చూస్తే ముత్యాలు. నీళ్ళలోకే దూకాడు. ఈటె ఒకవైపు, తను ఒకవైపు కొట్టుకుపోయి, అవతలి ఒడ్డున బురదలో తేలాడు. తోకనిండా బురద, మూతినిండా పొడుపులు. అడవిలో ఎవరికీ మళ్ళీ మొహం చూపించలేదు.

వీరవేణమ్మ మెల్లగా ముత్యాలు దగ్గరికి వచ్చింది. "నిన్ను దొంగవన్నాం తల్లీ. తప్పయిపోయింది" అంది.

ముత్యాలుకి ఇంకా ఊపిరి అందడం లేదు. "మిగిలిన గుడ్లు ఏ పక్కన ఉన్నాయో చూపించమ్మా" అంది. చూపించారు. ఆమె వెళ్ళి ఆ గూళ్ళకి అడ్డంగా, నీళ్ళవైపు మొహం పెట్టి పడుకుంది. గుడ్లు పిల్లలయ్యేదాకా అక్కడే ఉంది.

నీతి: ఎవరు ఏ వేషం కట్టారో కాదు, అది తీసేశాక ఏం చేస్తున్నారో చూసి నమ్మాలి.